లైనక్స్‌లో ఎస్‌ఎస్‌డీ: ఏ ట్రిమ్ పద్ధతి ఎంచుకోవాలి, ఆరోగ్యాన్ని దేనితో గమనించాలి

లైనక్స్ కంప్యూటర్‌లో ఎస్‌ఎస్‌డీ ఉందంటే చాలు, సలహాలు వచ్చి పడతాయి. ఎఫ్‌స్టాబ్‌లో (ఏ డ్రైవ్‌ని ఎలా తెరవాలో రాసి ఉండే సిస్టమ్ ఫైల్) డిస్కార్డ్ అనే ఆప్షన్ పెట్టమని ఒకరంటే, అస్సలు పెట్టొద్దని ఇంకొకరంటారు. స్వాప్ తీసేయమంటారు, షెడ్యూలర్ మార్చమంటారు, లాగ్ ఫైళ్లను ర్యామ్‌లోకి తోసేయమంటారు. వీటిలో చాలా సలహాలు 2010 ప్రాంతంలో పుట్టినవి. అప్పటి డ్రైవ్‌లు వేరు, అప్పటి కెర్నల్ వేరు. ఈరోజు నిజంగా కూర్చుని తేల్చుకోవాల్సినవి రెండే. ట్రిమ్, అంటే ఖాళీ అయిన చోటు గురించి డ్రైవ్‌కి చెప్పే పని, ఏ పద్ధతిలో నడవాలి? డ్రైవ్ ఆరోగ్యాన్ని ఏ పనిముట్టుతో చూసుకోవాలి? మిగతా సెట్టింగ్‌లను చాలామంది ఉన్నవి ఉన్నట్టు వదిలేయొచ్చు. అలా వదిలేసి మిగిలిన సమయాన్ని, ఉన్న సెట్టింగ్ అసలు పనిచేస్తోందా లేదా అని చూడటానికి పెడితే ఎక్కువ లాభం.

## ట్రిమ్ ఎంచుకునే ముందు చూడాల్సినవి

ఫ్లాష్ మెమరీలో రాయడం పేజీ పేజీగా జరుగుతుంది. చెరపడం మాత్రం అనేక పేజీలున్న పెద్ద బ్లాక్‌ను మొత్తంగా ఒకేసారి చెయ్యాలి. మీరు ఒక ఫైల్ డిలీట్ చేస్తే, ఆ చోటు ఖాళీ అయిందని ఫైల్‌సిస్టమ్ తన లెక్కల్లో రాసుకుంటుంది. డ్రైవ్‌కి ఆ కబురు అందదు. పాత డేటా ఇంకా కావాల్సిందే అనుకుని, లోపల బ్లాక్‌లు సర్దుకునే ప్రతిసారీ దాన్ని కూడా ఒకచోటు నుంచి ఇంకోచోటికి కాపీ చేస్తుంటుంది. దీంతో రాయడం నెమ్మదిస్తుంది, మెమరీ అనవసరంగా అరుగుతుంది. "ఈ చోటు ఇక అక్కర్లేదు" అని డ్రైవ్‌కి చెప్పే ఆదేశమే ట్రిమ్. ఎన్‌వీఎమ్‌ఈ (కొత్త తరం వేగవంతమైన ఎస్‌ఎస్‌డీ) డ్రైవ్‌లలో ఇదే పనికి డీఅలొకేట్ అని, స్కజీ, యూఎస్‌బీ లోకంలో అన్‌మ్యాప్ అని పేర్లు.

ఈ కబురు ఎప్పుడు, ఎలా పంపాలన్నదే మన ఎంపిక. దాన్ని నాలుగు విషయాలు బట్టి చూడాలి.

మొదటిది, పని మధ్యలో ఆలస్యం వస్తుందా అన్నది. రెండోది, పొరపాటున డిలీట్ చేసిన ఫైల్‌ని వెనక్కి తెచ్చుకునే అవకాశం ఎంతసేపు మిగులుతుందన్నది. దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ, కానీ అవసరం పడిన రోజున ఇదే అన్నిటికంటే పెద్ద విషయం. మూడోది, మీరు పట్టించుకోకపోయినా దానంతట అది నడుస్తుందా అన్నది. నాలుగోది, ఎన్‌క్రిప్షన్, ఎల్‌వీఎమ్ (డిస్క్‌ని వాల్యూమ్‌లుగా పంచే ఏర్పాటు), యూఎస్‌బీ ఎన్‌క్లోజర్ (డ్రైవ్‌ని బయట తగిలించే పెట్టె) లాంటి పొరలు మధ్యలో ఉంటే ట్రిమ్ నిజంగా డ్రైవ్ దాకా చేరుతుందా అన్నది.

ఈ నాలుగోదాన్ని ముందే పరీక్షించుకోండి. టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌బీఎల్‌కే కమాండ్‌కి డిస్కార్డ్ ఆప్షన్ జోడించి నడిపితే ఒక పట్టిక వస్తుంది. అందులో డిస్క్-గ్రాన్, డిస్క్-మ్యాక్స్ అనే నిలువు వరుసలు చూడండి. రెండూ సున్నా కాకుండా ఉంటే ఆ పరికరం ట్రిమ్ తీసుకుంటుంది. సున్నా ఉంటే తీసుకోదు. డ్రైవ్ ఎదురుగా సున్నా లేకుండా, దాని కింద ఉన్న ఎన్‌క్రిప్టెడ్ వాల్యూమ్ ఎదురుగా సున్నా కనిపిస్తే, కబురు ఆగిపోతున్నది ఆ పొర దగ్గరే. ఇది తేలకుండా ఏ పద్ధతి మంచిదన్న చర్చ మొదలుపెట్టి లాభం లేదు.

## నాలుగు పద్ధతులు, ఒక్క చూపులో

| చూడాల్సింది | వారపు టైమర్ | నిరంతర డిస్కార్డ్ | అసింక్ డిస్కార్డ్ | చేత్తో నడపడం |
|---|---|---|---|---|
| ఎవరికి అందుబాటు | దాదాపు అన్ని ఫైల్‌సిస్టమ్‌లు | ఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్ వగైరా | బీటీఆర్‌ఎఫ్‌ఎస్ | దాదాపు అన్నీ |
| పని మధ్యలో ఆలస్యం | వారానికోసారి కాసేపు | పాత సాటా డ్రైవ్‌లలో తెలుస్తుంది | చాలా తక్కువ | మీరు నడిపినప్పుడే |
| డిలీట్ అయిన ఫైల్ దక్కే వీలు | తర్వాతి ట్రిమ్ దాకా | దాదాపు ఉండదు | చాలా తక్కువ | మీరు నడిపేదాకా |
| మీరు గుర్తుంచుకోవాలా | అక్కర్లేదు | అక్కర్లేదు | అక్కర్లేదు | తప్పదు |

## వారపు టైమర్

ఎఫ్‌ఎస్‌ట్రిమ్ అనే చిన్న ప్రోగ్రామ్ ఫైల్‌సిస్టమ్‌లోని ఖాళీ చోట్లన్నీ వెతికి, ఒకేసారి డ్రైవ్‌కి చెబుతుంది. దీన్ని వారానికోసారి నడిపే సిస్టమ్‌డీ (లైనక్స్‌లో సర్వీసులను నడిపించే ప్రోగ్రామ్) టైమర్ యుటిల్-లైనక్స్ ప్యాకేజీతోనే వస్తుంది. ఫెడోరా 2020లో వచ్చిన 32వ వెర్షన్ నుంచి దీన్ని ముందే ఆన్ చేసి ఇస్తోంది. ఉబుంటులో 14.04 కాలం నుంచే వారపు ట్రిమ్ ఉంది. ఆర్చ్‌లో మాత్రం మీరే ఆన్ చేసుకోవాలి. ఆన్‌లో ఉందో లేదో తెలియాలంటే సిస్టమ్‌సీటీఎల్‌తో టైమర్ల జాబితా అడగండి. చివరిసారి ఎప్పుడు నడిచింది, మళ్లీ ఎప్పుడు నడుస్తుంది, రెండూ కనిపిస్తాయి.

లాప్‌టాప్ వాడేవాళ్లకి తరచుగా వచ్చే అనుమానం ఒకటుంది. టైమర్ సమయానికి కంప్యూటర్ ఆఫ్‌లో ఉంటే ఎలా అని. ఈ టైమర్‌కి పర్సిస్టెంట్ అనే గుణం పెట్టి ఉంటుంది. తప్పిపోయిన వంతును కంప్యూటర్ మళ్లీ ఆన్ అయ్యాక పూర్తి చేస్తుంది. కాబట్టి టెన్షన్ అక్కర్లేదు.

వారం చాలా ఎక్కువ వ్యవధి కదా అనిపించొచ్చు. ఎఫ్‌ఎస్‌ట్రిమ్ మాన్యువల్ పేజీలోనే, ఎక్కువ డెస్క్‌టాప్‌లకీ సర్వర్లకీ వారానికి ఒకసారి సరిపోతుందని రాసి ఉంది. అంతకంటే తరచుగా నడిపితే నాసిరకం డ్రైవ్‌ల జీవితకాలం తగ్గే ప్రమాదం ఉందని కూడా అక్కడే ఉంది. డ్రైవ్‌లో ఓ మోస్తరు ఖాళీ ఉంటే వారం లోపల వేగంలో తేడా మీకు తెలియదు. ఎప్పుడూ నిండిపోయి, రోజూ పెద్ద ఫైళ్లు రాస్తూ చెరుపుతూ ఉండే డ్రైవ్ అయితే టైమర్‌ను రోజువారీకి మార్చుకోవచ్చు.

ఈ పద్ధతిలో ఒక లొసుగు ఉంది. టైమర్ ముందుగా ఎఫ్‌స్టాబ్ ఫైల్ చూస్తుంది, అందులో రాసి ఉన్న ఫైల్‌సిస్టమ్‌లనే ట్రిమ్ చేస్తుంది. మీరు రెండో ఎస్‌ఎస్‌డీ పెట్టుకుని, ఎఫ్‌స్టాబ్‌లో రాయకుండా ఫైల్ మేనేజర్‌లో క్లిక్ చేసి వాడుతుంటే, ఆ డ్రైవ్‌కి ట్రిమ్ అందదు. ఏళ్లు గడిచినా అందదు, ఏ ఎర్రరూ రాదు. దానికి ఎఫ్‌స్టాబ్‌లో ఒక వరుస రాయడమే పరిష్కారం.

ఇంకో గందరగోళం ఎఫ్‌ఎస్‌ట్రిమ్ చూపించే అంకెలతో వస్తుంది. వివరాలు చూపించే ఆప్షన్‌తో నడిపితే "ఇన్ని జీబీలు ట్రిమ్ అయ్యాయి" అంటుంది. వెంటనే రెండోసారి నడిపితే ఎక్స్‌టీ4లో దాదాపు సున్నా వస్తుంది, రీబూట్ చేసి నడిపితే మళ్లీ పెద్ద అంకె వస్తుంది. ఏమీ పాడవలేదు. ఏ భాగాలకు ట్రిమ్ పంపిందో ఎక్స్‌టీ4 మౌంట్ అయి ఉన్నంతసేపు మెమరీలో గుర్తుంచుకుంటుంది, రీబూట్‌తో ఆ గుర్తు పోతుంది. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అయితే ప్రతిసారీ ఖాళీ మొత్తాన్ని కొత్తగా చెబుతుంది. ఆ జీబీలు డ్రైవ్ మీద రాసినవి కావు, ఖాళీ అని చెప్పినవి మాత్రమే.

## నిరంతర డిస్కార్డ్

ఎఫ్‌స్టాబ్‌లో డిస్కార్డ్ అన్న మాట చేర్చితే, ఫైల్ డిలీట్ అయిన కాసేపటికే ఆ చోటు గురించి డ్రైవ్‌కి కబురు వెళుతుంది. వినడానికి ఇదే అన్నిటికంటే శుభ్రమైన పద్ధతి అనిపిస్తుంది.

చిక్కు సాటా అనే పాత తరహా కనెక్షన్ వాడే డ్రైవ్‌లతో వచ్చింది. తొలి రోజుల్లో ట్రిమ్ ఆదేశం క్యూలో చేరేది కాదు. అది నడవాలంటే అప్పటికే వరుసలో ఉన్న చదువులూ రాతలూ పూర్తయ్యేదాకా ఆగాలి, అది పూర్తయ్యేదాకా తర్వాతివి ఆగాలి. వేల చిన్న ఫైళ్లు ఒకేసారి డిలీట్ చేస్తే సిస్టమ్ బిగుసుకుపోయినట్టు ఉండేది. సాటా 3.1తో క్యూలో చేరే ట్రిమ్ వచ్చింది కానీ, కొన్ని డ్రైవ్‌ల ఫర్మ్‌వేర్‌లో (డ్రైవ్ లోపలి సాఫ్ట్‌వేర్) అది సరిగ్గా పనిచేయక డేటా పాడైంది. అలాంటి మోడళ్ల జాబితా ఒకటి కెర్నల్‌లోనే ఉంది, వాటికి ఆ సౌకర్యాన్ని కెర్నల్ తానే ఆపేస్తుంది.

ఎన్‌వీఎమ్‌ఈ డ్రైవ్‌లకి ఈ క్యూ సమస్య లేదు. అయినా ఇంటి కంప్యూటర్‌లో నిరంతర డిస్కార్డ్ వల్ల వారపు టైమర్‌ని మించి దక్కేదేమిటో నాకు కనిపించదు. పోయేది మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది. పొరపాటున ఒక ఫోల్డర్ డిలీట్ చేస్తే రికవరీ ప్రోగ్రామ్‌లకి దొరికేది సున్నాలే. వారపు టైమర్ ఉన్నవాళ్లు ఆ క్షణంలో టైమర్ ఆపేసి, ఆ పార్టిషన్‌ని అన్‌మౌంట్ చేసి, ప్రయత్నించే వీలైనా ఉంటుంది.

దీనికి సరైన చోటు వేరే ఉంది. వర్చువల్ మెషీన్లలో, థిన్ ప్రొవిజనింగ్ స్టోరేజీలో (వాడినంత చోటు మాత్రమే ఉమ్మడి నిల్వ నుంచి తీసుకునే పద్ధతి) ఖాళీ అయిన చోటు వెంటనే కింది పొరకి తిరిగి అందాలి, లేకపోతే ఉమ్మడి స్టోరేజీ నిండిపోతుంది. సర్వర్లు చూసుకునేవాళ్లు అక్కడ దీన్ని పరీక్షించి వాడుకోవచ్చు.

## అసింక్ డిస్కార్డ్, జెడ్‌ఎఫ్‌ఎస్

బీటీఆర్‌ఎఫ్‌ఎస్ వాడేవాళ్లకి పని తేలిక. ఖాళీ చోట్లను పోగుచేసి, కలిపి, తీరిక చూసుకుని నెమ్మదిగా పంపే అసింక్ పద్ధతి 5.6 కెర్నల్‌లో వచ్చింది. 6.2 నుంచి, ట్రిమ్ తీసుకునే డ్రైవ్ ఉంటే అదే డీఫాల్ట్. మీరేమీ రాయక్కర్లేదు. మౌంట్ ఆప్షన్లలో కనిపించే ఎస్‌ఎస్‌డీ అనే మాటకీ ట్రిమ్‌కీ సంబంధం లేదు. అది చోటు కేటాయించే తీరుకి సంబంధించింది. అది కనిపించింది కదా అని ట్రిమ్ నడుస్తోందనుకోవద్దు.

జెడ్‌ఎఫ్‌ఎస్‌కి ఎఫ్‌ఎస్‌ట్రిమ్ పనిచేయదు. 2019లో వచ్చిన 0.8 వెర్షన్ నుంచి దానికి సొంత ట్రిమ్ ఆదేశం, ఆటోట్రిమ్ అనే సెట్టింగ్ ఉన్నాయి. ఆటోట్రిమ్ మొదట్లో ఆఫ్‌లో ఉంటుంది. దాన్ని ఆన్ చేయడమో, పూల్ మీద అప్పుడప్పుడు ట్రిమ్ నడపడమో, ఏదో ఒకటి మీరే చెయ్యాలి.

## ఎన్‌క్రిప్షన్ ఉన్నవాళ్ల లెక్క వేరు

లక్స్‌తో డిస్క్ మొత్తం ఎన్‌క్రిప్ట్ చేసుకుంటే ట్రిమ్ ఆ పొర దగ్గర ఆగిపోవడం డీఫాల్ట్. కావాలనే అలా పెట్టారు. ట్రిమ్ దాటితే, డ్రైవ్ చేతికి చిక్కినవాడికి ఏ చోట్లు ఖాళీగా ఉన్నాయో, ఎంత డేటా ఉందో తెలిసిపోతుంది. లోపలి ఫైళ్లు మాత్రం చదవలేడు.

లాప్‌టాప్ దొంగతనం జరిగితే ఫైళ్లు బయటపడకూడదన్నదే మీ భయమైతే, ట్రిమ్‌ని అనుమతించడం సబబు. క్రిప్ట్‌టాబ్ ఫైల్‌లో ఆ వాల్యూమ్ వరుసలో డిస్కార్డ్ చేర్చాలి. కొన్ని డిస్ట్రోల ఇన్‌స్టాలర్లు ఇది ముందే చేర్చి పెడతాయి కాబట్టి తెరిచి చూడండి. లక్స్ 2 అయితే క్రిప్ట్‌సెటప్ ద్వారా ఈ అనుమతిని వాల్యూమ్ హెడర్‌లోనే శాశ్వతంగా రాసుకోవచ్చు. అసలు డేటా ఎంత ఉందన్న సంగతే రహస్యంగా ఉండాల్సినవాళ్లు ట్రిమ్ వదులుకుని, డ్రైవ్ చివర కొంత భాగాన్ని మొదటినుంచీ ఏమీ రాయకుండా వదిలేయడం మంచిది. బ్లాక్‌లు సర్దుకోవడానికి డ్రైవ్‌కి ఆ చోటు పనికొస్తుంది.

ఎల్‌వీఎమ్ గురించి ఒక అపోహ తొలగాలి. ఎల్‌వీఎమ్ కాన్ఫిగ్‌లో ఇష్యూ డిస్కార్డ్స్ అనే సెట్టింగ్ ఉంటుంది. ఫైల్‌సిస్టమ్ ట్రిమ్ దాటడానికి దాన్ని ఆన్ చేయాలని చాలాచోట్ల చెబుతారు. అవసరం లేదు. లాజికల్ వాల్యూమ్‌ని తీసేసినప్పుడో కుదించినప్పుడో మాత్రమే అది పనిచేస్తుంది. దాన్ని ఆన్ చేసుకుంటే, పొరపాటున తీసేసిన వాల్యూమ్ మళ్లీ దక్కదు. అందుకే ఆఫ్‌లోనే ఉంచమంటాను.

యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లో ఉన్న ఎస్‌ఎస్‌డీకి ట్రిమ్ అందుతుందా లేదా అన్నది లోపలి బ్రిడ్జ్ చిప్ మీద ఆధారపడుతుంది. ఎల్‌ఎస్‌బీఎల్‌కేలో సున్నా వస్తే యూడెవ్ (పరికరాలను గుర్తించి సెట్టింగ్‌లు పెట్టే భాగం) రూల్ రాసి బలవంతంగా ఆన్ చేసే మార్గం ఉంది. చిప్ ఫర్మ్‌వేర్ అబద్ధం చెబితే డేటా పోతుంది కాబట్టి, బ్యాకప్ లేని డ్రైవ్ మీద ఆ పని చేయొద్దు. బ్యాకప్‌లు దాచుకోవడానికే వాడే బయటి డ్రైవ్‌కి ట్రిమ్ లేకపోయినా పెద్ద నష్టం లేదు.

## మీరు ఎవరైతే ఏది

మామూలుగా ఇంట్లోనో ఆఫీసులోనో ఎక్స్‌టీ4 మీద పనిచేసుకునేవాళ్లకి వారపు టైమర్, ఇంకో ఆలోచన అక్కర్లేదు. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ వాళ్లు కెర్నల్ వెర్షన్ చూసుకుని, 6.2 లేదా ఆపైది అయితే అలాగే వదిలేయండి. ఫొటోలు, వీడియోలు ఎడిట్ చేస్తూ పొరపాటున డిలీట్ చేస్తానేమో అని భయపడేవాళ్లు, ముందు బ్యాకప్ పెట్టుకుని, ఆ పని డ్రైవ్‌ని మాత్రం టైమర్ నుంచి తప్పించి చేత్తో నడుపుకోవచ్చు. చేత్తో నడిపే పద్ధతి వాళ్లకి, ఎప్పుడో ఒకసారి తగిలించే బయటి డ్రైవ్‌లకి మాత్రమే పనికొస్తుంది. మిగతా అందరూ మర్చిపోతారు.

ట్రిమ్ కోసం వెతుకుతుంటే బీఎల్‌కేడిస్కార్డ్ అనే కమాండ్ కూడా ఎదురవుతుంది. అది ఖాళీ చోట్లను కాదు, పరికరం మొత్తాన్ని చెరిపేస్తుంది. డ్రైవ్‌ని అమ్మేసేటప్పుడో, మళ్లీ మొదటినుంచి ఫార్మాట్ చేసేటప్పుడో తప్ప దాని జోలికి వెళ్లొద్దు.

## ఆరోగ్యం చూడటానికి ఏ పనిముట్టు

ఇక్కడ ఎంపిక మూడింటి మధ్య. స్మార్ట్‌మాన్‌టూల్స్ ప్యాకేజీలోని స్మార్ట్‌సీటీఎల్, ఎన్‌వీఎమ్‌ఈ-సీఎల్‌ఐ, డెస్క్‌టాప్‌తో వచ్చే గ్రాఫికల్ ప్రోగ్రామ్‌లు.

నన్నడిగితే స్మార్ట్‌సీటీఎల్ అందరి దగ్గరా ఉండాలి. సాటా, ఎన్‌వీఎమ్‌ఈ రెండూ చదువుతుంది, చాలా యూఎస్‌బీ ఎన్‌క్లోజర్ల లోపలికి కూడా చూడగలదు. దానితో వచ్చే స్మార్ట్‌డీ అనే సర్వీస్ వెనక నుంచి డ్రైవ్‌ని గమనిస్తూ, తేడా కనిపిస్తే మెయిల్ పంపేలా, సెల్ఫ్ టెస్ట్‌లు సమయానికి నడిపేలా పెట్టుకోవచ్చు. ఎదురుగా ఎవరూ కూర్చోని సర్వర్‌కి ఇదే సరైన ఎంపిక.

ఎన్‌వీఎమ్‌ఈ-సీఎల్‌ఐ ఆ రకం డ్రైవ్‌లకి మాత్రమే. ఆరోగ్యం అంకెల విషయంలో కొత్తగా ఇచ్చేదేమీ లేదు, అవే అంకెలు. ఎర్రర్ లాగ్ లోతుగా చూడాలన్నా, సెక్టార్ సైజు 512 బైట్ల నుంచి 4096కి మార్చాలన్నా ఇది కావాలి. ఆ మార్పు ఫార్మాట్ ఆదేశంతో జరుగుతుంది, డేటా మొత్తం పోతుంది. కాబట్టి కొత్త డ్రైవ్ మీద, ఇన్‌స్టాల్ చేసే ముందే ఆలోచించుకోండి.

టెర్మినల్ అంటే ఇష్టం లేనివాళ్లకి గ్నోమ్ డిస్క్స్ ఉంది, కానీ పాత వెర్షన్లలో ఎన్‌వీఎమ్‌ఈ డ్రైవ్‌ల ఆరోగ్యం కనిపించదు. కేడీఈలో ప్లాస్మా 5.20 నుంచి డ్రైవ్ పాడయ్యే సూచన వస్తే దానంతట అదే నోటిఫికేషన్ ఇచ్చే ఏర్పాటు ఉంది. ఇంట్లో పెద్దవాళ్ల కంప్యూటర్‌కి ఇలాంటిదే నయం. వాళ్లు కమాండ్ కొట్టి చూసుకోరు, నోటిఫికేషన్ వస్తే మీకు ఫోన్ చేస్తారు.

ఏది వాడినా అంకెలు చదవడం తెలియాలి. పైన పచ్చగా కనిపించే "పాస్డ్" అన్న మాటని నమ్ముకోవద్దు, డ్రైవ్ బాగా దెబ్బతినేదాకా అది మారకపోవచ్చు. ఎన్‌వీఎమ్‌ఈలో చూడాల్సిన వరుసలు ఇవి. పర్సంటేజ్ యూజ్డ్ అంటే తయారీదారు అంచనా వేసిన జీవితంలో ఎంత ఖర్చయిందో చెప్పే అంకె. డ్రైవ్ ఎంత నిండిందన్నది కాదు. అది 100 దాటొచ్చు, దాటగానే డ్రైవ్ ఆగిపోదు. అవైలబుల్ స్పేర్ అంటే పాడైన బ్లాక్‌ల బదులు వాడుకోవడానికి మిగిలిన నిల్వ. సాధారణంగా 100 దగ్గర ఉంటుంది. అది తగ్గుతూ, పక్కనే ఉండే త్రెషోల్డ్ వైపు జారుతుంటే కొత్త డ్రైవ్ చూసుకోవాలి. మీడియా అండ్ డేటా ఇంటెగ్రిటీ ఎర్రర్స్ సున్నా ఉండాలి. సున్నా కాకపోతే ఆరోజే బ్యాకప్ తీయండి.

డేటా యూనిట్స్ రిటెన్‌లో ఒక్కో యూనిట్ 5,12,000 బైట్లు. స్మార్ట్‌సీటీఎల్ దాన్ని టీబీల్లోకి మార్చి పక్కనే చూపిస్తుంది. 1 టీబీ డ్రైవ్‌కి 600 టీబీ రాతల వారంటీ ఉందనుకోండి. రోజుకి 20 జీబీ రాసినా ఏడాదికి 7.3 టీబీ అవుతుంది. ఆ హద్దు చేరడానికి 80 ఏళ్లు పైనే పడుతుంది. లాగ్ ఫైళ్లని ర్యామ్‌లోకి మార్చి, స్వాప్ తీసేసి ఆదా చేసేది ఎంతో ఈ లెక్కే చెబుతుంది.

సాటా డ్రైవ్‌ల పట్టికలో వరుసల పేర్లు కంపెనీని బట్టి మారతాయి. రెండు మాత్రం గుర్తుంచుకోండి. 5వ నంబర్ వరుస పాడై పక్కన పెట్టిన సెక్టార్ల లెక్క, అది పెరుగుతూ పోతే చెడ్డ సూచన. 199వది సీఆర్‌సీ ఎర్రర్లు, అంటే డేటా బదిలీలో వచ్చే పొరపాట్లు. అది పెరుగుతుంటే చాలాసార్లు తప్పు డ్రైవ్‌ది కాదు, కేబుల్‌ది. డ్రైవ్ మార్చే ముందు కేబుల్ మార్చి చూడండి.

## మిగతా సెట్టింగ్‌లు, త్వరగా

షెడ్యూలర్. డిస్క్ చదువులూ రాతలూ ఏ వరుసలో జరగాలో చూసే కెర్నల్ భాగం ఇది. ఎన్‌వీఎమ్‌ఈకి నన్, సాటాకి ఎమ్‌క్యూ-డెడ్‌లైన్ సాధారణంగా డీఫాల్ట్‌గా వస్తాయి, అవి చాలు. పెద్ద కాపీ నడుస్తుంటే డెస్క్‌టాప్ నత్తనడక నడుస్తోందనుకునేవాళ్లు సాటా డ్రైవ్‌కి బీఎఫ్‌క్యూ ప్రయత్నించొచ్చు. 2019లో వచ్చిన 5.0 కెర్నల్‌తో నూప్, సీఎఫ్‌క్యూ లాంటి పాతవి పోయాయి కాబట్టి వాటిని పెట్టమనే సలహాలు ఇప్పుడు చెల్లవు.

నోఎటైమ్. ఫైల్ చదివిన సమయాన్ని ప్రతిసారీ డిస్క్ మీద రాయకుండా ఆపే మౌంట్ ఆప్షన్ ఇది. 2.6.30 కెర్నల్ నుంచి డీఫాల్ట్‌గా ఉన్న రెల్‌ఎటైమ్ ఆ రాతల్ని ఎప్పుడో తగ్గించేసింది. పెట్టుకుంటే మామూలు వాడకంలో నష్టం లేదు, తేడా కూడా తెలియదు.

కమిట్ సమయం (మెమరీలో ఉన్న రాతలను డిస్క్‌కి పంపే వ్యవధి) పెంచడం. వద్దు. రాతలు కొంచెం తగ్గుతాయి కానీ, కరెంటు పోతే పోయే డేటా ఎక్కువవుతుంది.

పవర్ సేవింగ్. ఎన్‌వీఎమ్‌ఈ ఉన్న లాప్‌టాప్ కాసేపు ఖాళీగా ఉండి ఉన్నట్టుండి బిగుసుకుపోతుంటే, డ్రైవ్ తనంతట తాను నిద్రలోకి వెళ్లే ఏపీఎస్‌టీ సౌకర్యాన్ని అనుమానించండి. కెర్నల్ పారామీటర్‌తో దాన్ని ఆపి చూడొచ్చు. బ్యాటరీ త్వరగా అయిపోతుంది కాబట్టి, సమస్య ఉంటేనే.

ఫర్మ్‌వేర్. ఈ జాబితాలో నిజంగా సమయం పెట్టదగ్గది ఇదే. ఎఫ్‌డబ్ల్యూయూపీడీ ద్వారా చాలా డ్రైవ్‌లకి లైనక్స్ నుంచే కొత్త ఫర్మ్‌వేర్ వేసుకోవచ్చు. మీ మోడల్ అందులో లేకపోతే తయారీదారు బూటబుల్ ఫైల్ ఇస్తున్నాడేమో చూడండి. వేసే ముందు బ్యాకప్ తీసి, లాప్‌టాప్ అయితే ఛార్జర్ తగిలించి ఉంచండి. అప్‌డేట్ అయ్యాక ఎల్‌ఎస్‌బీఎల్‌కే పట్టిక, స్మార్ట్‌సీటీఎల్ అంకెలు ఇంకోసారి చూసి, ముందున్నట్టే వస్తున్నాయో లేదో సరిపోల్చుకోండి.